పెట్టెలోని జర్మన్ పిస్తోలు – ఇనుము మీది అంకెలు చెప్పిన చరిత్ర



ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర వ్యాసం రాయమని మన కార్యదర్శిగారు రెండు మూడుసార్లు ఫోన్ చేశారు. నేను చరిత్ర చదువుకున్నవాణ్ణి కాను. ఆర్మరర్‌గా చేరి, తుపాకులు విప్పడం, తుడవడం, గేజీ పెట్టి చూడడం, మళ్ళీ బిగించడం – ఈ పనిలోనే ముప్ఫై ఏడేళ్ళు గడిపి రిటైరైనవాణ్ణి. అయితే చరిత్ర పుస్తకాల్లోనే ఉండనక్కరలేదు, ఇనుము మీద కూడా రాసి ఉంటుందని మా ఉస్తాద్ అనేవారు. ఆ మాట ఎంత నిజమో నాకు తెలిసివచ్చిన ఒక సంగతి ఇక్కడ రాస్తున్నాను. మన పెన్షనర్ల కుటుంబాల్లో కొందరికి ఇది పనికి కూడా రావచ్చు.

వదినె కబురు

ఇప్పుడు ఉప్పల్ అంటే మెట్రో స్తంభాలు, స్టేడియం, రింగ్ రోడ్డు దగ్గర బస్సుల రద్దీ. నేను నాచారంలో ఇల్లు కట్టుకున్న రోజుల్లో ఉప్పల్ కలాన్ ఇంకా ఊరులాగే ఉండేది. ఆ ఊళ్ళో నాకొక మిత్రుడు ఉండేవాడు. నాకంటే నాలుగేళ్ళు పెద్ద. నేను 'అన్నా' అని పిలిచేవాణ్ణి. వాళ్ళ ఇంట్లో ఒక జర్మన్ పిస్తోలు ఉందని, దానికి లైసెన్సు ఉందని నాకు తెలుసు. కాని ఆయన బతికుండగా ఎన్నడూ బయటికి తీసి చూపలేదు. "మా తాత నిజాం సర్కారు లాన్సర్లల్ల ఉండె. పెద్ద లడాయిల హైఫా నుంచి పట్టుకొచ్చిండు" అని మాత్రం గర్వంగా చెప్పేవాడు.

రెండేళ్ళ కిందట ఆయన పోయారు. పెద్దకర్మ అయిన వారానికి వదినె దగ్గర నుంచి ఫోన్.

"తమ్మీ, ఒక్కపారి వచ్చి పో. పెట్టెల ఉన్నదాని సంగతి తేలాలె. దాన్ని తల్చుకుంటే నాకు రాత్రి నిద్ర పడ్తలేదు."

వెళ్ళాను. విషయం ఏమిటంటే, లైసెన్సుదారు చనిపోతే ఆయుధాన్ని ఇంట్లో ఉంచుకోరాదు. పోలీస్ స్టేషన్‌లోనో, లైసెన్సున్న డీలరు దగ్గరో డిపాజిట్ చేయాలి. కొడుకు బుద్ధిగా లైసెన్సు పుస్తకం తీసుకుని స్టేషన్‌కు వెళ్ళి అడిగాడు. పిస్తోలు తెమ్మన్నారు, పుస్తకంలో నంబరూ దాని మీది నంబరూ సరిచూసి తీసుకుంటామన్నారు. ఇంటికొచ్చి చూసుకుంటే రెండూ కలవలేదు. పుస్తకంలో ఆయుధం నంబరు '42-1940' అని ఉంది. పిస్తోలు మీద బ్యారెల్ కింద వేరే నాలుగంకెలు ఉన్నాయి. అసలు పిస్తోలు మార్చి వేరేది పెట్టారని అనుమానిస్తే ఏమవుతుందోనని కుర్రవాడికి చెమటలు పట్టాయి.

ఈలోగా వాళ్ళ దగ్గరి చుట్టం ఒకతను ఉపాయం చెప్పాడు. నాచారం పారిశ్రామికవాడలో అతనికి ప్లేటింగ్ షెడ్డు ఉంది. "గా పాత నంబర్లన్నీ బఫ్ కొట్టి తీసేస్త. బుక్కుల ఉన్న నంబరు పంచ్ కొట్టి, పైన నికెల్ పూత పూస్త. తళతళ మెరుస్తది, ఎవ్వలికి తెల్వది" అన్నాడట. నేను వెళ్ళేసరికి అతను కూడా అక్కడే కూర్చుని ఉన్నాడు.

నేను చేసిన తప్పు

అతన్ని కోప్పడలేకపోయాను. ఎందుకంటే ఇరవై రెండేళ్ళ వయసులో నేనూ నంబర్లను లెక్కచేయని పని ఒకటి చేశాను.

అప్పట్లో మా వర్క్‌షాపుకు పాత .303 రైఫిళ్ళు వచ్చేవి. ఒకసారి పది రైఫిళ్ళ బోల్టులు తీసి, పని త్వరగా అవుతుందని అన్నీ ఒకే ట్రేలో కిరోసిన్‌లో వేసి కడిగాను. ఆరిన తరువాత చేతికి ఏది వస్తే అది బిగించాను. అన్నీ చక్కగా పట్టాయి. సాయంత్రం ఉస్తాద్ వచ్చి ఒక రైఫిల్ తీసి బోల్టు మీది నంబరు చూశారు, బాడీ మీది నంబరు చూశారు. ఒక్క మాట అనలేదు. గేజీ తెచ్చి నా చేతికిచ్చి అందులో పెట్టి చూడమన్నారు. బోల్టు మూసుకోకూడని గేజీ మీద సులువుగా మూసుకుంది. అంటే తూటా వెనుక ఉండవలసినదానికంటే ఎక్కువ సందు ఉందన్నమాట. ఆ రైఫిల్ పేలిస్తే తూటా గుల్ల చీలి వేడి గాలి, లోహపు ముక్కలు వెనక్కి, కాల్చేవాడి మొహం మీదికి రావచ్చు.

"నంబరు కొట్టింది అందం కోసం కాదు బేటా, ఈ రెండూ కలిసి పెరిగినయని చెప్పడానికి" అన్నారాయన. ఆ రాత్రి పదకొండు గంటలదాకా కూర్చుని పది బోల్టులకూ వాటి వాటి రైఫిళ్ళు వెతికి పెట్టాను. ఆనాటి నుంచి ఏ ఆయుధం చేతికొచ్చినా ముందు అది ఖాళీగా ఉందో లేదో చూడడం, తరువాత నంబర్లు చదవడం నాకు అలవాటైపోయింది.

ఈ సంగతి చెప్పి, ప్లేటింగ్ అతనితో ఇంకొక మాట కూడా చెప్పాను. 1959 ఆయుధాల చట్టం ఎనిమిదో సెక్షను ప్రకారం తుపాకీ మీది పేరు, నంబరు, గుర్తు ఏదైనా చెరపడం, మార్చడం, దొంగది కొట్టడం నేరం. అంతేకాదు, అలా చెరిపిన ఆయుధం ఎవరి దగ్గర దొరికితే వాళ్ళే చెరిపారని చట్టం అనుకుంటుంది. కాదని వాళ్ళే రుజువు చేసుకోవాలి. అంటే ఆ పాపం మా వదినె మెడకు చుట్టుకునేది.

పైగా చెరిపినా దాగదు. నంబరు పంచ్‌తో కొట్టినప్పుడు పైన గుంట పడడమే కాదు, దాని కింద ఉక్కు కణాలు కూడా నొక్కుకుపోతాయి. పైపైన అరగదీసినా ఆ నొక్కుడు లోపల మిగిలే ఉంటుంది. తగిన రసాయనం పూస్తే నొక్కుకుపోయిన చోటు ఒక తీరుగా, మామూలు చోటు ఇంకో తీరుగా కరిగి, పోయిందనుకున్న అంకె నీడలాగా పైకి తేలుతుంది. ఫోరెన్సిక్ ప్రయోగశాలల్లో ఇది నిత్యం చేసే పనే. అటువంటి కేంద్ర ప్రయోగశాల ఎక్కడో లేదు, ఉప్పల్ పక్కన రామంతాపూర్‌లోనే ఉంది. ఇది విని అతను, "అట్లయితే నాకెందుకు కాకా" అని లేచి వెళ్ళిపోయాడు.

'42' అంటే సంవత్సరం కాదు

కొడుకు లోపలి గదిలోని రేకుపెట్టె తెరిచాడు. నాచారంలో రామకృష్ణా స్టూడియో ఉండేది కదా, "సినిమా పిస్తోలు కాదు గద బిడ్డా" అని వాతావరణం తేలిక చేయడానికి నవ్వాను. కాని గుడ్డ విప్పగానే నవ్వు ఆగిపోయింది. అది నిక్కచ్చిగా లూగర్. జర్మన్లు దానికి పెట్టిన పేరు పి.08. జార్జ్ లూగర్ రూపొందించిన ఈ పిస్తోలును స్విట్జర్లాండ్ సైన్యం 1900లో, జర్మన్ నౌకాదళం 1904లో, జర్మన్ సైన్యం 1908లో తీసుకున్నాయి. ఆ 1908లోని చివరి అంకెలే పేరులోని 08. మనిషి మోకాలు మడిచినట్టు పైకి లేచి మడుచుకునే కీలు దాని గుర్తు. బరువు ముప్పాతిక కిలోకు పైన, మ్యాగజైనులో ఎనిమిది తూటాలు పడతాయి.

ముందు మ్యాగజైను తీసి, కీలు ఎత్తి చాంబరు చూశాను. ఖాళీ. ఈ పిస్తోలులో తయారీదార్లు ఒక మంచి ఏర్పాటు చేశారు. చాంబరులో తూటా ఉంటే పైనున్న ఎక్స్‌ట్రాక్టర్ కొద్దిగా పైకి లేచి, దాని పక్కన 'గెలాడెన్' అనే జర్మన్ మాట కనబడుతుంది. 'నిండి ఉంది' అని అర్థం. సేఫ్టీ మీట వేస్తే 'గెజిషెర్ట్' అనే మాట బయటపడుతుంది. అంటే 'భద్రం'. చీకట్లో సిపాయి వేలితో తడిమి కూడా తూటా ఉందో లేదో తెలుసుకోవచ్చు.

"కాకా, దీని మీద 42 అని ఉన్నది. 1942ల చేసిన్రన్నట్టే గద? మరి తాత 1918ల ఎట్ల తెచ్చిండు?" అని అడిగాడు కొడుకు.

మంచి ప్రశ్న. కాని 42 సంవత్సరం కాదు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఓడిన జర్మనీ మీద 1919 వెర్సాయ్ సంధి గట్టి ఆంక్షలు పెట్టింది. సైన్యం లక్షకు మించరాదు, ఆయుధాలు అనుమతి ఉన్న ఫ్యాక్టరీలే చేయాలి. 1930ల్లో హిట్లర్ ప్రభుత్వం రహస్యంగా ఆయుధాలు పెంచుకోసాగింది. ఏ ఫ్యాక్టరీ ఏ సంవత్సరం ఎన్ని చేసిందో బయటివాళ్ళకు తెలియకుండా ఫ్యాక్టరీ పేరుకు బదులు ఒక కోడు కొట్టారు. ఒబెర్న్‌డార్ఫ్‌లోని మౌజర్ ఫ్యాక్టరీ కోడు 'ఎస్/42'. సంవత్సరాన్ని కూడా దాచారు. 1934కు 'కె' అక్షరం, 1935కు 'జి' అక్షరం. 1936 నుంచి దాపరికం మాని చాంబరు మీద సంవత్సరం పూర్తిగా వేశారు. 1939లో 'ఎస్' తీసేసి ఉత్త '42' మిగిల్చారు. ఆ తరువాత అదే ఫ్యాక్టరీకి 'బి-వై-ఎఫ్' అనే మూడక్షరాల కోడు వచ్చింది. పి.08 స్థానంలోకి పి.38 అనే కొత్త పిస్తోలు రావడంతో 1942లో మౌజర్ వీటి తయారీ ఆపేసింది.

కాబట్టి మా చేతిలో ఉన్నదాని కీలు మీది '42' మౌజర్ ఫ్యాక్టరీ, చాంబరు మీది '1940' అది పుట్టిన సంవత్సరం. ఏనాడో లైసెన్సు రాసిన గుమాస్తా పైనుంచి చూస్తే కనబడిన ఈ రెండూ కలిపి ఆయుధం నంబరుగా '42-1940' అని రాసేశాడు. మన సర్వీసు రిజిస్టరులో ఆఫీసు కోడును, చేరిన సంవత్సరాన్ని కలిపి పీపీవో నంబరుగా ఎక్కించినట్టు. ఆ తరువాత ప్రతి రెన్యువల్‌లోనూ పాత పేజీ చూసి కొత్త పేజీ నింపారే తప్ప, పిస్తోలు తిప్పి చూసినవారు లేరు.

అసలు నంబరు, చిన్న భాగాలు

అసలు నంబరు ఫ్రేము ముందుభాగాన, బ్యారెల్ కింద ఉంటుంది. నాలుగంకెలు, వాటి కింద ఒక చిన్న అక్షరం. ఆ అక్షరాన్ని చాలామంది పట్టించుకోరు. ఏటా ఒకటి నుంచి లెక్క మొదలుపెట్టి, పదివేలు కాగానే 'ఎ' అక్షరం చేర్చి మళ్ళీ ఒకటి నుంచి, తరువాత 'బి' చేర్చి మళ్ళీ ఒకటి నుంచి వేసుకుంటూ పోయారు. అక్షరమూ సంవత్సరమూ లేకుండా నాలుగంకెలే రాస్తే, అదే నంబరు పిస్తోళ్ళు ప్రపంచంలో ఎన్నో తేలతాయి. మూడూ కలిస్తేనే ఒకే ఒక్కటి.

బ్యారెల్ కింద నంబరు దగ్గరే '8,83' వంటి ఇంకొక అంకె ఉంటుంది. అది కూడా నంబరనుకుని గాభరా పడేవారున్నారు. అది బ్యారెల్ లోపలి కొలత, మిల్లీమీటర్లలో. జర్మన్లు దశాంశానికి చుక్క బదులు కామా పెడతారు.

నంబరులోని చివరి రెండంకెలు చిన్న భాగాల మీద కూడా కొట్టి ఉంటాయి. ట్రిగ్గర్, సేఫ్టీ మీట, పక్క ప్లేటు, విప్పే మీట, కీలు, ఎక్స్‌ట్రాక్టర్ – భూతద్దంతో ఒక్కొక్కటీ చూసి, కొడుకు చేత కాగితం మీద రాయించాను. అన్నీ ఒకే జంట అంకెలు. ఒక్క మ్యాగజైను మాత్రం కలవలేదు. అల్యూమినియం అడుగు మీద వేరే నంబరు, పక్కన కూడిక గుర్తు. ప్రతి పిస్తోలుకూ రెండు మ్యాగజైన్లు ఇచ్చేవారు. రెండోదాని మీద కూడిక గుర్తు కొట్టేవారు. అంటే ఇది ఇంకెవరి పిస్తోలుదో రెండో మ్యాగజైను అన్నమాట.

పాత వస్తువులు సేకరించేవారు ఇలాంటిది చూస్తే 'కలవలేదు' అని ధర తగ్గిస్తారు. నా దృష్టిలో మాత్రం అది దోషం కాదు. యుద్ధరంగంలో సిపాయి చేతికి అందినది పెట్టుకుంటాడు. దొంగతనం వేరే రకంగా ఉంటుంది. పాత అంకె అరగదీసి కొత్తది కొట్టిన చోట ఉక్కు కొద్దిగా లోతుపడి ఉంటుంది. స్కేలు అంచు నిలబెట్టి వెలుతురుకు ఎదురుగా చూస్తే సందు కనబడుతుంది. అంకెల ఆకారం మిగతా భాగాల మీది అంకెలతో పోలదు. మళ్ళీ మెరుగు పెట్టిన చోట అక్షరాల అంచులు మొద్దుబారి ఉంటాయి. ఇక్కడ అటువంటిదేమీ లేదు.

ఇంకా రెండు సాక్ష్యాలున్నాయి. కుడి పక్కన చిన్న గద్ద ముద్రల కింద '655' అనే అంకె ఉంది. అది మౌజర్ ఫ్యాక్టరీలో తనిఖీ చేసిన సైనిక ఆయుధ కార్యాలయం వారి అంకె, ఆ కాలానిదే. రెండోది రంగు. 1937 వరకు వచ్చిన లూగర్లలో ట్రిగ్గర్, మీటల వంటి చిన్న భాగాలను కాల్చి ఎండుగడ్డి రంగు తేల్చేవారు. ఆ తరువాత మౌజర్ వాటినీ నల్లనీలం చేసింది. 1940 పిస్తోలులో గడ్డిరంగు మీట ఉంటే అది ఎక్కడి నుంచో తెచ్చి పెట్టినదని అనుమానించాలి. ఇందులో అన్నీ నీలమే.

హైఫా మాటేమిటి?

మరి హైఫా కథ అబద్ధమా? ఇక్కడే వదినె మొహం చిన్నబోయింది. భర్త జీవితమంతా చెప్పుకున్న మాట అది.

నేను తెలిసినంత చెప్పాను. 1918 సెప్టెంబరు 23న హైఫా పట్టణాన్ని భారతీయ అశ్విక దళం పట్టుకున్న మాట నిజం. 15వ ఇంపీరియల్ సర్వీస్ కావల్రీ బ్రిగేడులో జోధ్‌పూర్, మైసూరు, హైదరాబాద్ లాన్సర్లు ఉండేవారు. ఆనాడు బల్లేలతో ముందుకు దూకింది జోధ్‌పూర్, మైసూరు వారు. మన హైదరాబాద్ దళం అదే బ్రిగేడులో ఆ దండయాత్రలో పాల్గొంది. ఆ పోరులో జర్మన్, టర్కీ సైనికులు 1,350 మంది చిక్కారు. 17 ఫిరంగులు, 11 మెషిన్ గన్‌లు దొరికాయి. ఢిల్లీ తీన్‌మూర్తి కూడలిలోని మూడు కంచు విగ్రహాలు ఈ మూడు సంస్థానాల సైనికులవే. కాబట్టి తాతగారు లాన్సర్లలో ఉన్నారన్నదీ, ఆ వైపు వెళ్ళారన్నదీ నమ్మదగ్గ మాటే.

కాని ఆనాటి లూగర్ వేరుగా ఉంటుంది. దాని కీలు మీద 'డి-డబ్ల్యూ-ఎం' అనే అల్లిక అక్షరాలో, కిరీటం కింద 'ఎర్‌ఫుర్ట్' అనే పేరో ఉంటుంది. తనిఖీ గుర్తులు చక్రవర్తి కాలపు కిరీటాలే, హిట్లర్ కాలపు గద్దలు కావు. చాంబరు మీద 1918కి దాటని సంవత్సరం ఉంటుంది. 1940లో పుట్టిన పిస్తోలు 1918లో ఎవరి చేతికీ రాదు. అంకె ఎవరి మొహం చూసీ మాట మార్చదు.

మన దేశంలో జర్మన్ పిస్తోలు నంబర్లకు ఇంతకుముందూ ఒక చరిత్ర ఉంది. 1914 ఆగస్టు 26న కలకత్తాలో రోడ్డా కంపెనీకి వచ్చిన సరుకులో నుంచి 50 మౌజర్ పిస్తోళ్ళు, 46,000 తూటాలు విప్లవకారులు మాయం చేశారు. ఏడాది తరువాత 1915 సెప్టెంబరులో బాలాసోర్ దగ్గర బాఘా జతీన్, ఆయన అనుచరులు మౌజర్ పిస్తోళ్ళతోనే పోలీసులను ఎదిరించారు. ఆ 50 పిస్తోళ్ళ నంబర్లు కంపెనీ పుస్తకంలో రాసి ఉండడం వల్ల, ఆ తరువాత బెంగాల్‌లో ఎక్కడ ఏ పిస్తోలు దొరికినా అది రోడ్డాదో కాదో ప్రభుత్వం తేల్చగలిగింది. ఒక్కొక్క నంబరూ ఒక్కొక్కరి మెడ మీద కత్తి అయింది.

ఇందుకు ఎదురు కథ మన హైదరాబాద్‌దే ఒకటుంది. 1918లో ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ బ్రిటిష్ వైమానిక దళానికి ఒక స్క్వాడ్రన్‌కు సరిపడా విమానాలు కానుక ఇచ్చారు. అదే 110వ స్క్వాడ్రన్. విమానాల మీద 'హైదరాబాద్' పేరు, వరుస నంబరు రాయించారు. వాటిలో ఎఫ్1010 నంబరు విమానం 1918 అక్టోబరు 5న జర్మన్లకు చిక్కింది. వాళ్ళు దాన్ని బెర్లిన్ మ్యూజియంలో విజయ చిహ్నంగా పెట్టుకున్నారు. రెండో యుద్ధంలో అది పోలండ్ చేరింది. 1977లో బ్రిటిష్ వైమానిక మ్యూజియం వారు దాన్ని తెచ్చుకుని బాగుచేశారు. మన ఊరి పేరున్న వస్తువు అరవై ఏళ్ళు పరాయి దేశాల్లో తిరిగి, తన నంబరుతోనే గుర్తింపు నిలబెట్టుకుంది. మన ఊళ్ళో ఈ జర్మన్ పిస్తోలుదీ అదే కథ.

పెట్టె అడుగున కాగితం

"అయితే ఇది ఇంటికి ఎట్ల వచ్చింది తమ్మీ?" అని అడిగింది వదినె.

1940లో తయారైనదంటే ఇది రెండో యుద్ధంలో చిక్కినదై ఉండాలి. మన నాలుగో భారత డివిజన్ ఉత్తర ఆఫ్రికాలోనూ, తరువాత ఇటలీలోనూ జర్మన్లతో పోరాడింది. ఎనిమిదో, పదో డివిజన్లు కూడా ఇటలీలో ఉన్నాయి. మద్రాసు శాపర్స్ దళాలు అక్కడ వంతెనలు కట్టాయి, మందుపాతరలు ఏరాయి. ఆ దళానికి చెందిన సుబేదార్ సుబ్రమణియన్ 1944 ఫిబ్రవరిలో ఇటలీలోని మిన్యానో దగ్గర మందుపాతర మీద తానే పడి తోటివారిని కాపాడి ప్రాణమిచ్చాడు. ఆయనకు జార్జ్ క్రాస్ లభించింది.

"మీ ఇంట్ల ఎవరన్న ఆ లడాయికి పోయిన్రా?" అని అడిగాను.

వదినె చాలాసేపు మాట్లాడలేదు. తరువాత మెల్లగా చెప్పింది. ఆమె మామగారికి ఒక తమ్ముడుండేవాడట. భూమి పంపకం మీద తండ్రితో పోట్లాడి, బెజవాడ పోయి మిలిటరీలో చేరాడట. లడాయి అయినంక ఒక్కసారి వచ్చి, నాలుగు రోజులుండి, మళ్ళీ వెళ్ళి తిరిగి రాలేదట. ఇంట్లో ఆయన పేరెత్తితే మామగారు మండిపడేవారు. పెళ్ళయి వచ్చిన కొత్తలో ఆమె ఒక్కసారి అడిగి తిట్లు తిన్నది. ఆ తరువాత అందరూ మరచిపోయారు.

రేకుపెట్టె అడుగున పరిచిన పాత ఉర్దూ పేపరు తీశాం. దాని కింద మడతలు చిరిగిన ఒక డిశ్చార్జి కాగితం ఉంది. పేరు ఆయనదే. మద్రాసు శాపర్స్. సర్వీసు చేసిన దేశాల వరుసలో చివర 'ఇటలీ' అని ఉంది.

నేను అక్కడ ఉండగానే వదినెకు కళ్ళనీళ్ళు తిరిగాయి. అన్నగారు ఆ మనిషి పేరు ఇంట్లోంచి చెరిపేశారు కాని, తమ్ముడిచ్చిన పిస్తోలును చెరపలేదు. పోలీసు చర్య తరువాత తన పేరున లైసెన్సు రాయించి దాచుకున్నారు. ఎవరు తెచ్చారని పిల్లలు అడిగితే తండ్రి పేరు చెప్పి ఉంటారు. తాత హైఫాకు వెళ్ళిన మాట నిజమే కనుక రెండు కథలూ అతుక్కుపోయాయి. మా అన్న ఆ మాట నమ్మి జీవితమంతా చెప్పుకున్నాడు. అతను అబద్ధం చెప్పలేదు, అతనికి చెప్పినదే చెప్పాడు.

ఆ సాయంత్రమే పుస్తకం, పిస్తోలు, నేను రాసిచ్చిన రెండు పేజీల వివరణ తీసుకుని కొడుకుతో పాటు స్టేషన్‌కు వెళ్ళాను. ఏ అంకె ఎక్కడ ఉంది, దాని అర్థం ఏమిటి, పుస్తకంలో పొరపాటు ఎలా వచ్చిందో బొమ్మ గీసి మరీ రాశాను. డ్యూటీలో ఉన్న అధికారి ఓపికగా భూతద్దంతో తానే చూసి, "చిన్న భాగాలన్నీ కలుస్తున్నయి గదా" అని రసీదు ఇచ్చారు. నిపుణుల పరీక్ష, దరఖాస్తులు అన్నీ అయి రికార్డులో నంబరు దిద్దేసరికి ఏడు నెలలు పట్టింది. ఆ ఏడు నెలలూ వదినె భయపడుతూనే ఉన్నది. కాని కేసు కాలేదు. నికెల్ పూత పూసి ఉంటే ఏమయ్యేదో మీరే ఊహించుకోండి. నంబరు దిద్దిన తరువాత వారసులు దాన్ని ఉంచుకోదలచుకోలేదని రాసిచ్చి ప్రభుత్వానికే అప్పగించారు.

చివరగా

మన సంఘం సభ్యుల్లో పాత లైసెన్సు ఆయుధాలున్న కుటుంబాలు కొన్ని ఉన్నాయి. వారికి నా మనవి. మీరు ఉండగానే పుస్తకంలోని నంబరు, ఆయుధం మీది నంబరు అక్షరంతో సహా సరిచూసుకోండి. తేడా ఉంటే లైసెన్సు ఇచ్చిన కార్యాలయానికి మీరే రాతపూర్వకంగా తెలపండి. ఎమెరీ కాగితం, బఫింగ్, పూతలు దగ్గరికి రానీయకండి. పలచగా నూనె చాలు. ఖాళీగా ఉందో లేదో తెలిసినవారి చేతనే చూపించండి. ఆ ఆయుధం ఎవరు తెచ్చారో, ఎప్పుడు తెచ్చారో తెలిస్తే ఒక కాగితం మీద రాసి పుస్తకంలో పెట్టండి. మన పిల్లలకు మనం చెప్పనిది ఇనుము కొంత చెప్పగలదు కాని అంతా చెప్పలేదు. 1940 అని చెప్పింది, మౌజర్ అని చెప్పింది. ఆ చిన్నాయన ఎందుకు తిరిగి రాలేదో మాత్రం దాని మీద ఎక్కడా లేదు.

మొన్న దసరాకు ఉప్పల్ వెళ్ళాను. హాలులో లాన్సరు తాతగారి ఫోటో పక్కన డిశ్చార్జి కాగితాన్ని ఫ్రేము కట్టించి పెట్టారు. ఆయన ఫోటో ఎక్కడా దొరకలేదట. రెండింటికీ బంతిపూల దండలు వేశారు. వదినె జమ్మి ఆకు చేతిలో పెట్టి, "తమ్మీ, మా చిన్నమామ గూడ ఇంటికొచ్చిండు" అన్నది.